ఊపిరిపోసే చేతులు

పసిబిడ్డ డొక్కలెగరేస్తూ ఉంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. జలుబు ఛాతీలోకి దిగుతుంది, ఊపిరి వేగమవుతుంది, ముక్కుపుటాలు ఎగసిపడతాయి, పాలు పట్టబోతే బిడ్డ మొహం తిప్పుకుంటుంది. నానమ్మ ఆయతుల్ కుర్సీ చదివి ఊదుతుంది, తండ్రి ఆటో కోసం పరుగెత్తుతాడు. వైద్యులు న్యుమోనియా అని పిలిచే ఈ జబ్బు, అయిదేళ్లలోపు పిల్లలను బలితీసుకుంటున్న అంటువ్యాధుల్లో నేటికీ అగ్రస్థానంలో ఉంది. కరోనా రాకముందూ ఉంది, అది తగ్గుముఖం పట్టిన తర్వాతా ఉంది. పేదల ఇళ్లకు ఇది ఏటా వచ్చే సంక్షోభమే. అందువల్ల, శ్వాసకు తోడ్పడే పరికరాలను ఎక్కడివారు అక్కడే తయారుచేసుకోవడం గురించి ఈ నెల రాయదలచిన మేము 2020 దగ్గర కాక, అంతకు చాలా ముందే, బంగ్లాదేశ్‌లోని ఒక పిల్లల వార్డు దగ్గర మొదలుపెడుతున్నాం.

1996లో సిల్హట్ వైద్య కళాశాల ఆస్పత్రిలో శిక్షణ పొందుతున్న ఒక యువ వైద్యుడు, పిల్లల విభాగంలో తన మొదటి రాత్రి విధుల్లోనే ముగ్గురు పసివాళ్లు న్యుమోనియాతో కన్నుమూయడం చూశారు. ఆయన పేరు డాక్టర్ మొహమ్మద్ జోబాయర్ చిష్తీ. ఈ పిల్లల కోసం ఏదైనా చేసితీరాలని ఆ రాత్రే సంకల్పించుకున్నారు. ఆ సంకల్పానికి, దాని ఫలితానికి నడుమ పదిహేనేళ్లకు పైగా గడిచాయి. ఇలాంటి గాథలను మనం తరచుగా ఆకాశంలో మెరిసిన మెరుపులా చెప్పుకుంటాం. నిజానికి ఆ పదిహేనేళ్లూ చదువు, పరిశోధన, రోగుల పడకల పక్కన నిలబడి చూసిన చూపు.

ఆయన ఎదుట ఉన్న చిక్కు ఏమిటో కొంత వివరంగా తెలుసుకోవాలి. మన ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో అతి సూక్ష్మమైన గాలి సంచులు ఉంటాయి. న్యుమోనియాలో వాటిలో చీము, ద్రవం చేరి అవి ముడుచుకుపోతాయి. బూర ఊదిన పిల్లలెవరికైనా ఒక సంగతి తెలుసు. పూర్తిగా ముడుచుకున్న బూరను ఉబ్బించడానికి మొదటి ఊదుకే బలమంతా కావాలి, లోపల కాస్త గాలి మిగిలి ఉంటే ఆ తర్వాత ఊదడం తేలిక. జబ్బుపడిన బిడ్డ ప్రతి శ్వాసకూ ఆ మొదటి ఊదు ఊదవలసి వస్తుంది. నిమిషానికి యాభై, అరవై సార్లు అలా ఊదీ ఊదీ చివరికి అలసిపోతుంది. పేద దేశాల ఆస్పత్రుల్లో ఇచ్చే చికిత్స ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి కొద్దికొద్దిగా ఆక్సిజన్ వదలడం. అది ప్రాణవాయువును అందిస్తుంది గాని ముడుచుకున్న సంచులను తెరిచి ఉంచలేదు. తెరిచి ఉంచగల వెంటిలేటరు లక్షల రూపాయల యంత్రం. దానికి శిక్షణ పొందిన సిబ్బంది కావాలి, ఎడతెగని విద్యుత్తు కావాలి.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పనిచేసిన రోజుల్లో డాక్టర్ చిష్తీ మధ్యేమార్గంగా పనికివచ్చే ఒక పరికరాన్ని చూశారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం వాడే దాన్ని బుడగల సీప్యాప్ అంటారు. బిడ్డ వదిలిన గాలి ఒక గొట్టం గుండా వెళ్లి నీటిలో బుడగలై బయటపడుతుంది. గొట్టం కొస నీటిలో ఎన్ని సెంటీమీటర్ల లోతున మునిగి ఉంటే అంత నీటి బరువును నెట్టుకుంటూ గాలి బయటికి రావాలి. ఆ ఎదురొత్తిడి వెనక్కి పనిచేసి ఊపిరితిత్తుల్లోని సంచులు మూసుకుపోకుండా కాస్తంత గాలిని నిలిపి ఉంచుతుంది. బూరలో మిగిలిన గాలి అంటే ఇదే. అయితే విదేశాల్లో అమ్మే ఆ పరికరం కూడా ఢాకాలోని ఆస్పత్రికి ఖరీదైనదే.

ఢాకాకు తిరిగివచ్చి, ఊరివాళ్లు కలరా ఆస్పత్రి అని పిలుచుకునే అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధనా కేంద్రంలో పనిచేస్తుండగా, ఒకనాడు పారవేసిన షాంపూ సీసా ఆయన కంటబడింది. దాని అడుగున బుడగలు మిగిలి ఉన్నాయి. తనకు కావలసింది అదేనని ఆయన గ్రహించారు. ఒక ప్లాస్టిక్ సీసా, అందులో నీరు, ఆస్పత్రిలో ఎప్పుడూ ఉండే ఆక్సిజన్ గొట్టాలు, ముక్కులో అమర్చే చిన్న పుల్లలు. ఈ పరికరానికి అయిన ఖర్చు ఒకటింబావు డాలరు మాత్రమేనని పత్రికలు రాశాయి. మన లెక్కలో ఒక పూట టిఫిను ఖర్చు.

ఇంతవరకు చదివి సుబ్‌హానల్లాహ్ అని పేజీ తిప్పేయవచ్చు. కాని మా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. సీసా పనిచేస్తుందని తనకు తోచినంత మాత్రాన ఆయన దాన్ని ఊరంతా పంచలేదు. కొద్దిమంది రోగుల మీద జాగ్రత్తగా చూసి, ఆ తర్వాత శాస్త్రీయమైన పరీక్షకు నిలబెట్టారు. 2011 ఆగస్టు నుంచి 2013 జులై వరకు తీవ్రమైన న్యుమోనియాతో, రక్తంలో ఆక్సిజన్ తగ్గి వచ్చిన 225 మంది పిల్లలను చీటీ వేసినట్టు మూడు వర్గాలుగా చేసి మూడు పద్ధతుల్లో చికిత్స చేశారు. బుడగల పద్ధతిలో చికిత్స పొందిన 79 మందిలో ముగ్గురు మరణించారు. మామూలు గొట్టంతో ఆక్సిజన్ పొందిన 67 మందిలో 10 మంది, ఎక్కువ ప్రవాహంతో ఆక్సిజన్ పొందిన 79 మందిలో 10 మంది మరణించారు. మామూలు ఆక్సిజన్ వర్గంలో మరణాలు ఎక్కువగా ఉండడం చూసి, పరీక్షను పర్యవేక్షిస్తున్న సంఘం దాన్ని అనుకున్న గడువుకు ముందే ఆపించింది. 2015లో ఈ వివరాలు లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి.

మరో విశేషం. మన ఇళ్లలో విరేచనాలకు కలిపి తాగించే ఓఆర్ఎస్ పొడిని కలరా రోగులపై తొలినాళ్లలో పరీక్షించినదీ ఢాకాలోని ఇదే సంస్థే. 1968లో, అప్పటి పేరు కలరా పరిశోధనాలయం. ఉప్పు, చక్కెర, నీళ్లతో ఒకసారి, సీసా, గొట్టం, నీళ్లతో మరోసారి. పేదరికం మధ్య కూర్చుని పేదరికాన్ని లెక్కలోకి తీసుకుని ఆలోచించే వైద్యం ఇలా ఉంటుంది. రోగికి ఏ యంత్రం తెప్పించాలన్న ప్రశ్నను పక్కనబెట్టి, రోగి ఊపిరితిత్తులకు సరిగ్గా ఏమి కావాలన్న ప్రశ్నతో అది మొదలవుతుంది.

2020 వసంతంలో ప్రపంచమంతా మొదటి ప్రశ్ననే అడిగింది. కరోనా సోకినవారికి ఊపిరి అందక, దేశాలన్నీ వెంటిలేటర్ల కోసం ఒకే వరుసలో నిలబడ్డాయి. డబ్బున్నవాడూ కొనలేని రోజులు అవి. ఎవరి సరిహద్దులు వారు మూసుకున్నారు. మన దేశం కూడా మార్చి 24న వెంటిలేటర్ల ఎగుమతిని నిషేధించింది. కార్ల కంపెనీలు, విమానాల కంపెనీలు, కళాశాల విద్యార్థులు అందరూ వెంటిలేటర్ల తయారీకి పూనుకున్నారు. వాటిలో చాలావరకు రోగి పడక దాకా చేరలేదు. బ్రిటన్‌లో కొత్తగా గీసిన నమూనాల్లో అత్యధికం మధ్యలోనే విరమించుకున్నవి, లేదా పరీక్షలకు నిలబడనివి.

అదే బ్రిటన్‌లో నిలబడినది ఏమిటో చూడండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ ఇంజనీర్లు, ఆ కళాశాల ఆస్పత్రి వైద్యులు, మెర్సిడెస్ పందెపు కార్ల ఇంజన్లు చేసే బృందం కలిసి, పేటెంటు గడువు తీరిన పాత సీప్యాప్ పరికరం ఒకదాన్ని ముక్కలుగా విప్పి, కొలతలు తీసి, వంద గంటల లోపే తమ మొదటి నమూనాను తయారుచేశారు. విద్యుత్తు అవసరం లేని పరికరం అది. పందెపు కార్ల కార్ఖానాలోనే 10,000 పరికరాలు తయారయ్యాయి. ఏప్రిల్‌లో నమూనా పటాలను ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేశారు. దీని సూత్రం ఢాకా సీసాకు దగ్గరి చుట్టమే: ఒత్తిడితో గాలి అందించి, ఊపిరితిత్తులను తెరిచి ఉంచి, రోగిని వెంటిలేటరు దాకా పోనివ్వకుండా చూడడం. ఆ తర్వాత బ్రిటన్‌లోనే 1,273 మంది కరోనా రోగులపై జరిగిన మరో పరీక్షలో, సీప్యాప్ అందినవారిలో గొంతులో గొట్టం వేయవలసి రావడం లేదా మరణించడం నూటికి 36 మందిలో, మామూలు ఆక్సిజన్ అందినవారిలో నూటికి 44 మందిలో సంభవించిందని తేలింది. ఆ ఎనిమిది మంది తేడా అంటే ఎనిమిది ఇళ్లు.

ఇక మన పాఠకుల ఇళ్లకు మరింత దగ్గరగా ఉన్న కథ హెరాత్‌ది. అక్కడికి వెళ్లేముందు 1952నాటి కోపెన్‌హేగెన్‌ను ఒకసారి తలచుకోవాలి. ఆ ఏడాది డెన్మార్క్ రాజధానిలో పోలియో విజృంభించింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులు రోజూ వచ్చిపడుతున్నారు, ఊపిరి అందించే యంత్రాలు ఆస్పత్రిలో వేళ్లమీద లెక్కించగలిగినన్నే ఉన్నాయి. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపవచ్చని చూపించారు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, రాత్రింబవళ్లు, నెలల తరబడి ఆ సంచులను నొక్కారు. రోగుల శ్వాస వాళ్ల పిడికిళ్లలో నడిచింది. తర్వాత నాలుగేళ్లకు డెన్మార్క్‌లోనే, నొక్కి వదిలితే తనంతట తాను గాలి నింపుకునే సంచి తయారైంది. నేడు ప్రతి అంబులెన్సులోనూ ఉండే అంబు బ్యాగు అదే.

2020లో అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్‌కు ఇరాన్ సరిహద్దు మీదుగా కరోనా తొలిగా చేరింది. శ్వాసయంత్రాలు తయారుచేయమని ఆ రాష్ట్ర గవర్నరు బహిరంగంగా అభ్యర్థించారు. ముందుకు వచ్చినవారిలో అఫ్ఘాన్ డ్రీమర్స్ అనే బాలికల రోబోటిక్స్ బృందం ఒకటి. 2017లో అమెరికాలో జరిగిన పోటీకి వెళ్లేందుకు రెండుసార్లు వీసా నిరాకరణకు గురై, చివరికి వెళ్లి బహుమతి తెచ్చుకున్నది ఈ బృందమే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం అందరికీ ఉచితంగా ఇచ్చిన ఒక నమూనాను ఆధారం చేసుకుని, అంబు బ్యాగును మనిషి చేతికి బదులు మోటారు నొక్కేలా వీళ్లు యంత్రం తయారుచేశారు. విడిభాగాలు తెప్పించుకునే దారి లేదు, దుకాణాలు మూసి ఉన్నాయి. టయోటా కరోలా కారు మోటారు, హోండా మోటారుసైకిలు చైను వాడుకున్నారు. సుమారు 700 డాలర్ల ఖర్చుతో తయారైన ఆ నమూనాను జులైలో ప్రజల ముందుంచి, ప్రభుత్వ ఆరోగ్యశాఖ పరిశీలనకు ఇచ్చారు. బృంద నాయకురాలు సుమయ్యా ఫారూఖీ అప్పటికి ఇంకా పాఠశాల విద్యార్థిని. ఆమె తండ్రి కార్ల మెకానిక్. పానాలు, స్క్రూడ్రైవర్లు చిన్ననాటినుంచీ ఆమెకు ఆటవస్తువులు.

ఈ చివరి వాక్యం రాస్తూ మేము కాసేపు ఆగాం. మన పట్టణాల్లో మెకానిక్ షెడ్లు, లేత్ కార్ఖానాలు, వెల్డింగు దుకాణాలు, ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే చోట్లు ఎవరివని అడిగితే సగం పేర్లు మన ఇళ్లలోవే వస్తాయి. పదో తరగతి దాటకుండానే వైపర్ మోటారు విప్పి బిగించగల కుర్రవాళ్లు మనకు ఉన్నారు. కారు మోటారు వేగాన్ని ఎలా తగ్గించాలో, చైను ఎక్కడ బిగిస్తే జారదో వాళ్లకు పుస్తకం చూడకుండా తెలుసు. అయితే పెళ్లి సంబంధాల మాటల్లో ఆ పనిని మనం ఎలా ప్రస్తావిస్తామో మనకే తెలుసు. మరోవైపు సభల్లో మాత్రం ఇబ్నె సీనా గొంతులోకి వెండి గొట్టం పంపి శ్వాస నిలిపే విధానం రాశాడని, ఇబ్నె నఫీస్ పదమూడో శతాబ్దంలోనే ఊపిరితిత్తుల్లో రక్తప్రసరణ మార్గాన్ని వివరించాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వంలో తప్పులేదు, రెండూ నిజాలే. కాని ఆ వెండి గొట్టాన్ని చేసిచ్చినవాడు ఒక కంసాలి అయివుంటాడు. అతని వారసులు మన వీధిలోనే ఉన్నారు. వాళ్ల చేతిపనికీ ఆస్పత్రి అవసరానికీ మధ్య వంతెన వేసే చదువే మన దగ్గర కొరవడింది.

హెరాత్ కథ అక్కడితో ముగియలేదు. 2021 ఆగస్టులో ప్రభుత్వం మారిన తర్వాత ఆ బృందంలోని పలువురు బాలికలు దేశం విడిచి ఖతర్‌కు, మరికొందరు ఇతర దేశాలకు చేరారు. అటుతర్వాత వాళ్ల దేశంలో ఆడపిల్లలకు ఆరో తరగతి పైన చదువే లేకుండా పోయింది. జ్ఞానార్జన ముస్లిం మీద విధి అన్న దైవప్రవక్త (స) బోధ స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుందని ఉలమా ఏకకంఠంతో చెబుతున్న ధర్మంలో, ధర్మం పేరిట ఆ తలుపు మూయడాన్ని మేము సమర్థించలేం. ఊపిరి అందని రోగి ఆ యంత్రాన్ని బిగించిన చెయ్యి అబ్బాయిదా అమ్మాయిదా అని అడగడు.

ఇంత చెప్పిన తర్వాత ఒక హెచ్చరిక కూడా చేయాలి. తక్కువ ఖర్చు, మంచి మనసు, చేతి నేర్పు ఉంటే చాలునని ఎవరైనా అనుకుంటే, ఆఫ్రికాలోని మలావీ దేశపు అనుభవం వాళ్లు తెలుసుకోవాలి. అక్కడ ఒక జిల్లా ఆస్పత్రిలో హెచ్.ఐ.వి. ప్రభావం, తీవ్ర పోషకాహార లోపం వంటి ప్రమాదకర స్థితులతోపాటు న్యుమోనియా వచ్చిన 644 మంది పిల్లలపై ఇదే బుడగల పద్ధతిని పరీక్షించారు. నిరంతరం వైద్యుడి పర్యవేక్షణ లేదు. ఫలితం తలకిందులైంది. బుడగల పద్ధతిలో నూటికి 17 మంది, మామూలు ఆక్సిజన్‌తో నూటికి 11 మంది మరణించారని 2019లో వెల్లడించారు. ఢాకాలో ప్రాణాలు నిలిపిన విధానమే, రోగులు వేరై, పక్కన నిలబడి చూసే వైద్యుడు లేనప్పుడు ఇలా పరిణమించింది. మోటారు నొక్కే అంబు బ్యాగు విషయంలోనూ ప్రమాదం తక్కువేమీ కాదు. కరోనాతో బిరుసెక్కిన ఊపిరితిత్తుల్లోకి ఒక్క పిసరు ఎక్కువ ఒత్తిడితో గాలి పోతే సున్నితమైన సంచులు చిరిగిపోతాయి. రోగి తానుగా ఊపిరి తీసుకోబోతున్న క్షణాన్ని గుర్తించలేని యంత్రం అతనితో పోరాడుతుంది. ఎంఐటీవారు తమ నమూనాతోపాటే ఈ జాగ్రత్తలన్నీ వివరంగా ఇచ్చారు. హెరాత్ బాలికలు తమ యంత్రాన్ని నేరుగా రోగికి తగిలించకుండా ఆరోగ్యశాఖ పరిశీలనకు ఇవ్వడం వెనుక ఉన్న వివేకం కూడా ఇదే.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జామిన్, అంటే బాధ్యుడు అవుతాడన్న హదీసును అబూదావూద్ తదితరులు ఉల్లేఖించారు. ఫుకహా ఈ ఒక్క హదీసు మీద ఎంతో చర్చించారు. పూర్వపు ముస్లిం నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి సంతలో తూకాలను తనిఖీ చేసినట్టే వైద్యులను, రక్తం తీసేవారిని, మందులు అమ్మేవారిని కూడా తనిఖీ చేసేవాడు. హిస్బా గ్రంథాల్లో వాళ్లకోసం ప్రత్యేక అధ్యాయాలే ఉన్నాయి. కాబట్టి కొత్త పరికరానికి ధ్రువీకరణ ఎందుకు, పరీక్షలు ఎందుకు, ఆలస్యమైతే ప్రాణాలు పోవా అని విసుక్కునేవారితో మేము ఏకీభవించం. పరీక్ష చేయించడం కూడా అమానత్‌లో భాగమే. ఒక ప్రాణాన్ని నిలపడం గురించి అల్‌మాయిదా సూరా 32వ ఆయత్‌లో ఏముందో మన పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఆ ఆయత్‌లోనే ప్రాణం తీయడం గురించిన మాట ముందుగా ఉందన్న సంగతిని మాత్రం గుర్తుచేస్తున్నాం.

మన దేశం విషయానికి వస్తే, 2020 మే నెలలో పీఎం కేర్స్ నిధి నుంచి 2,000 కోట్ల రూపాయలతో 50,000 స్వదేశీ వెంటిలేటర్లు సమకూర్చాలని నిర్ణయించారు. వాటిలో 30,000 భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, మైసూరుకు చెందిన ఒక సంస్థ రూపకల్పన ఆధారంగా తయారుచేసింది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌కు కూడా కొంత భాగం దక్కింది. వైద్య పరికరాల తయారీకే ప్రత్యేకించి నెలకొల్పి, 2018 డిసెంబరులో ప్రారంభించిన ప్రాంగణం అది. కొన్ని నెలల క్రితం దాకా ఎక్కువగా దిగుమతులమీద బతికిన దేశం ఇంత త్వరగా ఇంత తయారుచేయగలగడం చిన్న విషయం కాదు. కాని తర్వాతి వేసవిలో రెండో అల విరుచుకుపడినప్పుడు, కేంద్రం పంపిన వెంటిలేటర్లు కొన్ని రాష్ట్రాల్లో గోదాముల్లోనే ఉండిపోయాయన్న వార్తలు వచ్చాయి. వాటి అమరిక, పనితీరుపై వెంటనే తనిఖీ జరపాలని 2021 మే 15న స్వయంగా ప్రధానమంత్రే ఆదేశించవలసి వచ్చింది. యంత్రం చేయడం తేలిక, దాన్ని పనిచేస్తూ ఉంచడం కష్టం. విడిభాగం ఎవరు తెస్తారు, మీట ఏది నొక్కాలో రాత్రి పూట నర్సుకు ఎవరు చెబుతారు అన్న ప్రశ్నలకు కార్ఖానా ద్వారం దగ్గర సమాధానం దొరకదు.

ఆ తనిఖీ ఆదేశానికి అయిదు రోజుల ముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, గొట్టాల్లో ఒత్తిడి కొన్ని నిమిషాలు పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. అక్కడ యంత్రాలు ఉన్నాయి. వైద్యులూ ఉన్నారు. వాటి వెనుక ఉండవలసిన గాలి లేదు. ఈ సంఘటనను తలచుకున్నప్పుడల్లా మాకు అనిపించేది, శ్వాస పరికరం అంటే పెట్టెలో వచ్చే వస్తువు మాత్రమే కాదని. ట్యాంకరు నడిపే డ్రైవరు, గొట్టాల కీలు చూసే ఫిట్టరు, ఒత్తిడి ముల్లును గమనించే మనిషి అందరూ అందులో భాగాలే.

ఈ పనులన్నింటికీ చదువు ఉంది. బయోమెడికల్ ఇంజనీరింగ్ అనే ఆ చదువు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉంది. డాక్టరు కావాలి, లేకపోతే సాఫ్ట్‌వేరు కావాలి, రెండూ కుదరకపోతే గల్ఫు వీసా కావాలి అన్న మూడు దారులే మన ఇళ్లలో చర్చకు వస్తాయి. నీట్‌లో సీటు రాలేదని ఏడాదిపాటు కుమిలిపోయే అమ్మాయికి, షెడ్డులో నేర్పు సంపాదించి చదువు మధ్యలో ఆపేసిన ఆమె తమ్ముడికి, ఆస్పత్రిలోనే పనిచేసే నాలుగో దారి ఒకటి ఉందని చెప్పేవారు లేరు. ఐటీఐ నుంచి కూడా ఆ దారిలోకి నడవవచ్చు. ఆ పని ఇచ్చే జీతం సంగతి సరే, నిలిచిపోయిన యంత్రాన్ని మళ్లీ కదిలించినప్పుడు వార్డులో తల్లులు చేసే దుఆ ఏ జీతంలోనూ రాదు.

చివరగా, మన మస్జిద్ కమిటీలకు, సేవా సంఘాలకు సంబంధించిన ఒక విషయం. రెండో అల సమయంలో ఎన్నో ఊళ్లలో కమిటీలు చందాలు పోగుచేసి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొన్నాయి, మతం అడగకుండా ఇంటింటికీ చేర్చాయి. అల్లాహ్ ఆ సేవను స్వీకరించుగాక. ఆ యంత్రాల్లో పలు ఇప్పుడు మూలగదుల్లో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. జకాత్ సొమ్ముతో ఇలాంటివి కొనవచ్చునా అనే సందేహం అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వస్తోంది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ అర్హుడైన వ్యక్తి చేతికి అందాలి, అది అతని సొంతం కావాలి. దీన్నే తమ్లీక్ అంటారు. అందరి వాడకం కోసం కమిటీ దగ్గర ఉండే యంత్రానికి ఈ షరతు నెరవేరదు కనుక దాన్ని సదఖా, అతియ్యాలతో కొనాలి, లేదా వక్ఫ్‌గా ఉంచాలి. ప్రత్యేక సందర్భాలకు మీ ఊరి ముఫ్తీ సాహెబును అడగండి. కదిలే వస్తువును వక్ఫ్ చేయవచ్చునా అని కొందరు శంకిస్తారు. ఆనవాయితీ ఉన్న వస్తువుల విషయంలో చేయవచ్చునని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం. జనాజా మోసే పల్లకీ, పెద్ద వంట పాత్రలు అందుకు ఫిఖ్‌హ్ గ్రంథాలు ఇచ్చే ఉదాహరణలు. మన మస్జిదుల్లో రెండూ ఉన్నాయి. జనాజా పల్లకీకి చోటు ఉన్న వరండాలో, ఆ పల్లకీ అవసరాన్ని కొంతకాలం వాయిదా వేయగల యంత్రానికీ చోటు ఉండాలి.

వక్ఫ్ అయితే ముతవల్లీ బాధ్యత కూడా ఉంటుంది. ఈ యంత్రం మన చుట్టూ ఉన్న గాలినుంచే నత్రజనిని వడపోసి ఆక్సిజన్‌ను వేరుచేస్తుంది. లోపల వడపోసే గుళికలు వాడకుండా వదిలేస్తే గాలిలోని చెమ్మను పీల్చుకుని పాడవుతాయి. కనుక రోగి లేకపోయినా అప్పుడప్పుడూ కాసేపు నడిపించాలి. నడుస్తున్న రోజుల్లో వెనుక ఉండే స్పాంజి జల్లెడను వారానికోసారి కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తేమ సీసాలో కుళాయి నీళ్లు పోయరాదు, డిస్టిల్డు వాటరే పోయాలి. ఏడాదికోసారి దాని ఆక్సిజన్ శాతాన్ని మీటరుతో కొలిపించాలి. నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టాలో వైద్యుడు చీటీ మీద రాసివ్వాలి. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దలకు ఆక్సిజన్ ఎక్కువైనా ప్రమాదమే. పొయ్యికి, అగరుబత్తికి, బీడీకి దూరంగా ఉంచాలి. తీసుకెళ్లినవారి పేరు, తేదీ, వైద్యుడి చీటీ నకలు, తిరిగివచ్చిన రోజు, అప్పుడు జల్లెడ కడిగినదెవరు, ఇవన్నీ రాసిపెట్టడానికి ఒక పుస్తకం ఉండాలి. వీలైతే ఆ పుస్తకాన్ని, గది తాళంచెవిని, మీ వీధిలో ఏసీలు బాగుచేసే కుర్రవాడి చేతికి అప్పగించండి.